వీర్రాజన్న చెప్పే ఒక్క తప్పు

ఒక మహాకావ్యం రాయబోతున్నాను. ఇందులో తెల్లారేసరికి ఒక దేశాన్ని పక్క దేశం మింగేస్తుంది. ట్యాంకులుంటాయి, ఎడారి ఉంటుంది, ఎటు పోవాలో తెలియని వేలమంది జనం ఉంటారు, పరాయివాళ్ళ కోసం ప్రాణం పణంగా పెట్టిన మహానుభావుడు ఒకాయన ఉంటాడు. ఇలా మొదలుపెడితే గంభీరంగా ఉంటుందని మొదలుపెట్టాను గానీ, నిజానికి నేను ట్యాంకును దగ్గరగా చూసింది ఒక్కసారే. అది చెడిపోయి రోడ్డు పక్కన ఆగి ఉంది. దాని నీడలో ఒక సైనికుడు కూర్చుని ఊడిన బూటు కుట్టుకుంటున్నాడు. మహానుభావుడికి మోకాళ్ళ నొప్పులు. ఆయన మంచం కింద దాచుకున్న ఘనమైన రహస్యం, నీళ్ళ క్యానులో పులుస్తున్న బీరు. కావ్యానికి ఇది చాలదని నాకూ తెలుసు.

అయినా ఈ ఉదయం రాయక తప్పలేదు. కువైట్‌లో, ఫర్వానియాలో నా గది కింద రొట్టెల దుకాణం ఉంది. సబ్హాన్‌కు పోయే కంపెనీ బస్సు కోసం రోజూ దాని ముందే నిలబడతాను. ఈరోజు నేను నిలబడిన సమయానికి రొట్టెలాయన పిండి తొట్టి మీది తడిగుడ్డ లాగాడు. గుప్పున వాసన వచ్చింది. కొంచెం పులుపు, కొంచెం తీపి, బాగా నిద్రపోయి లేచిన మనిషి దుప్పటి వాసన కొంచెం. ఈస్టు పొంగిన వాసన. బస్సు వచ్చింది, నేను ఎక్కలేదు. రొట్టెలాయన నాకు రొట్టె కావాలేమో అనుకుని ఒకటి చేతిలో పెట్టాడు. ఏడుస్తున్నానని ఆయన అనుకోకూడదని వేడివేడిగా కొరికాను. నాలుక కాలింది. కళ్ళలో నీళ్ళకు మంచి కారణం దొరికింది.

కువైట్‌లో మద్యం అమ్మరు. చట్టం ఒప్పుకోదు. దొరకనప్పుడు మానేసేవాళ్ళు కొందరుంటారు, ఇంట్లో తయారుచేసుకునేవాళ్ళు కొందరుంటారు. నేను ఇరవై మూడో ఏట రాజంపేట నుంచి వచ్చి సబ్హాన్‌లో ఒక టైర్ల గోదాములో చేరాను. కొన్ని నెలలకే, రెండో రకం మనుషులకు రిగ్గైలో ఒక పెద్దదిక్కు ఉన్నాడని తెలిసింది. ఆయనే వీర్రాజన్న. అమలాపురం దగ్గరి పల్లె. వయసు యాభై దాటింది. ఏసీలు బాగుచేసే పని. ఊళ్ళో అందరి ఏసీలూ బాగుచేసీ చేసీ, తన ఫ్లాటును మాత్రం ఊటీ చేసి పెట్టుకున్నాడు. బయట నిప్పులు కురుస్తుంటే ఆయన గదిలో అందరం దుప్పట్లు కప్పుకుని కూర్చునేవాళ్ళం. ఆ చలి మా కోసం కాదు, బీరు కోసం. ఈ సంగతి ఆయన దాచలేదు. "మీరు చెమటోడ్చినా పరవాలేదురా, అది చెమటోడ్చకూడదు" అనేవాడు.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఫ్లాటులో అయిదారుగురం చేరేవాళ్ళం. అందరం ఎవరి గదుల్లో వాళ్ళు బీరు కాచుకునేవాళ్ళమే. తువ్వాళ్ళలో చుట్టిన సీసాలు బియ్యం సంచీల్లో పెట్టుకుని, మర్యాదస్తుల మొహాలతో మెట్లెక్కేవాళ్ళం. అక్కడి పద్ధతులు వీర్రాజన్న పెట్టినవి. సీసా లేకుండా రాకూడదు. తెచ్చినది తాను తాగకూడదు, పక్కవాడికి ఇచ్చి పక్కవాడిది తాగాలి. డబ్బు మాట ఎత్తకూడదు. అమ్మేవాడు ఆ గడప తొక్కకూడదు. కొత్తగా కాయడం మొదలుపెట్టినవాడు వస్తే ముందు అతని సీసానే తెరవాలి. దాన్ని అందరికన్నా పెద్దవాడు, అంటే వీర్రాజన్న, గ్లాసు నిండా పోసుకుని చివరి చుక్క దాకా తాగాలి. మొహం చిట్లించకూడదు. తాగాక ఒక్క తప్పు చెప్పాలి. ఒక్కటే. ఎన్ని ఉన్నా సరే. ఆ తర్వాత పాతవాళ్ళందరూ తలా ఒక సీసా కొత్తవాడి సంచిలో పెట్టి పంపాలి. ఆ సీసాల అడుగున పేరుకున్న ఈస్టుతో కొత్తవాడు తన తర్వాతి క్యానుకు తోడు వేసుకుంటాడు. పెరుగు తోడుకు పక్కింటికి పోయినట్టే.

నా మొదటి సీసా సంగతి చెప్పాలి. నేను దాన్ని బీరు అన్నాను. అందులో చేప వేసి ఉంటే పులుసు అనేవాళ్ళు. వీర్రాజన్న గ్లాసు నింపుకున్నాడు. అందరూ మాటలు ఆపారు. ఆయన గొంతు దిగుతున్న ప్రతి గుటకకూ నా గుండె ఒక మెట్టు దిగింది. గ్లాసు ఖాళీ చేసి, మీసం తుడుచుకున్నాడు.

"శీనా, ఒక్క తప్పు సెప్తాను. సీసా కడగలేదమ్మా."

"కడిగినాన్నా, రెండుమాట్లు."

"దేంతో?"

"సబ్బుతో."

"మరి సబ్బు కడగలేదన్నమాట."

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ సీసాలో ఇంకా ఎన్ని తప్పులున్నాయో నాకు తర్వాత ఆరు నెలలపాటు, శుక్రవారానికి ఒకటి చొప్పున తెలిసింది. మొదటిరోజే అన్నీ చెప్పి ఉంటే నేను క్యాను పారేసి, బీరు మానేసి, బహుశా బాగుపడి ఉండేవాణ్ణి.

ఆయన ఈ పద్ధతిని బీరుకు మాత్రమే ఉంచలేదు. ఒకసారి గోదాములో ముదీర్, అంటే మా మేనేజరు, నలుగురి ముందూ నన్ను తిట్టాడు. ఉద్యోగం వదిలేసి ఊరికి పోతానని వీర్రాజన్న దగ్గరికి వెళ్ళి, ఆ మనిషిలో ఏమేం చెడ్డగుణాలున్నాయో ఏకరువు పెట్టడం మొదలెట్టాను. ఆయన ఏదో ఏసీ మోటారు విప్పుకుంటూ విన్నాడు.

"ఆగెహె. ఒకటి సెప్పు."

"ఒకటేందన్నా, వాడిలో అన్నీ…"

"అన్నీ అయితే నేనేం సేత్తాన్రా? ఒకటి సెప్పు. అదే సూద్దాం."

నేను అక్కడే కూర్చుని ఏది చెప్పాలా అని సాయంత్రం దాకా ఆలోచించాను. ఏదీ తేలలేదు. మర్నాడు పనికి పోయాను. దీన్ని జ్ఞానోదయం అంటారో, టికెట్టుకు డబ్బు లేకపోవడం అంటారో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ తర్వాతి ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. గురువారం తెల్లవారుజామున చప్పుళ్ళు వినిపిస్తే పక్క గదివాళ్ళు పెళ్ళి బాణాసంచా అన్నారు. పొద్దున్నే రోడ్ల మీద పెళ్ళివారెవరూ కనబడలేదు. గోదాము మూతపడింది. మా కఫీల్, అంటే మమ్మల్ని రప్పించిన యజమాని, ఎటు పోయాడో తెలియదు. మా పాస్‌పోర్టులు ఆయన బీరువాలో, ఆయన బీరువా ఎక్కడుందో దేవుడికి తెలుసు. మొదటి వారంలోనే సైనికులు ఇళ్ళు సోదా చేస్తున్నారని విని, మేమంతా ఎవరి బీరు వాళ్ళు సింకుల్లో పారబోశాం. రిగ్గైలో ఒక వీధి మురుగుకాలువ రెండు రోజులపాటు కువైట్‌లోకెల్లా ఉల్లాసంగా పారింది. శుక్రవారాలవాళ్ళు ఒక్కొక్కరే ఎడారి దారి పట్టారు. చివరికి వీర్రాజన్న, నేను, మూర్తిగారు మిగిలి, ముగ్గురం రిగ్గై ఫ్లాటులోనే సర్దుకున్నాం. మూర్తిగారిది కాకినాడ, ఒక కంపెనీలో అకౌంటెంటు. భయం ఆయన స్వభావం కాదు, వృత్తి. శాంతికాలంలో కూడా తలుపు గడియ రెండుసార్లు చూసుకునే మనిషి.

రమణమ్మ అప్పుడు వచ్చింది. రాయచోటి వైపు మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. అక్కడికి దగ్గర్లోని ఒక పెద్ద ఇంట్లో వంటపని. రొట్టెల కోసం కట్టిన వరుసలో నా మాట విని, కడప యాసని గుర్తుపట్టి, వెనకనుంచి చొక్కా లాగింది.

"అన్నా, మాది రాయచోటి. మా ఇంట్లోవాళ్ళు కార్లో సౌదీకి ఎల్లిపోయినారు. కార్లో జాగా ల్యాదంట. మామా, అదే ఆ ఇంటామె, తాళాలు చేతిలో పెట్టి, చెట్లకు నీళ్ళు పొయ్యమని చెప్పి పాయె."

"పోస్తాండావా?"

"దినామ్మూ పోస్తాండా. ఇంగేం జేసేది?"

దేశం పోయింది, యజమానులు పోయారు, ఆ ఇంట్లో గులాబీలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఇండియావాళ్ళను బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేర్చే బస్సులు బయల్దేరుతున్నాయని ఆమె విన్నది. ఒంటరిగా ఆ దారిలో పోలేనంది. తోడు తీసుకుపొమ్మని అడిగింది. నేను ఆమెను రిగ్గైకి తీసుకెళ్ళాను. మూర్తిగారు నన్ను వంటగదిలోకి లాక్కెళ్ళారు.

"ఏమయ్యా, బ్రహ్మచారుల కొంపలోకి ఆడమనిషిని తెస్తావా? రేపు దారిలో చెక్‌పోస్టులో ఎవరని అడిగితే ఏం చెప్తాం? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురూ జోర్డాన్‌లో ఉన్నారు మూర్తిగారూ" అన్నాను.

వీర్రాజన్న బయటి గదిలోంచే అన్నాడు. "మన శుక్రవారానికొచ్చినోళ్ళు మనోళ్ళేనండి. ఆ మాట మీరే అన్నారు, గుర్తుందా? కాబట్టి ఆవిడ శుక్రవారానికొత్తది. ఏమ్మా, సీసా తేవాలి మరి. వట్టి సేతుల్తో రానివ్వం."

ఆమెకు సంగతేమిటో చెప్పడానికి నేను చాలా తంటాలు పడ్డాను. సాంతం విని ఆమె, "ఓస్, దోసెపిండి మాదిరే గదా" అంది. మరుసటి శుక్రవారం నిజంగానే సీసా తెచ్చింది. యజమాని ఇంటి సామాన్ల గదిలో మాల్టు పానీయం డబ్బాలున్నాయట, ఖర్జూరాలున్నాయట, రొట్టెల ఈస్టు ఉందట. వీర్రాజన్న గ్లాసు నింపుకుని తాగాడు. ఆ మీసాల వెనక ఒక్క కండరం కదల్లేదు. కానీ చెవులు ఎర్రబడ్డాయి, నేను చూశాను.

"ఒక్క తప్పు సెప్తాను తల్లీ. ఉప్పేశావా?"

"ఏసినా. పులియబెట్టేదానికి ఉప్పు ఎయ్యకుంటే ఎట్లనప్పా?"

సైన్యం వచ్చిన తర్వాత ఆ గదిలో మేం నవ్వడం అదే మొదలు. మూర్తిగారు కూడా నవ్వారు, తర్వాత లేచి తలుపు గడియ చూసుకున్నారు. అలా రమణమ్మ మా మనిషి అయింది. ఇక పద్ధతి ప్రకారం పాతవాళ్ళందరూ ఆమెకు తలా ఒక సీసా ఇవ్వాలి. మా ముగ్గురి దగ్గరా ఒక్క చుక్క లేదు. వీర్రాజన్న ఆ సాయంత్రమే కొత్త క్యాను పెట్టాడు.

"వచ్చే శుక్రవారానికి అందుతుందాన్నా? పది దినాలు పడ్తాది గదా" అన్నాను.

"అందకపోతే ఆ పై శుక్రవారం. మనకేటి, ఆఫీసుకెళ్ళాలా?"

కానీ ఆ పై శుక్రవారం మాకు లేదని వారం మధ్యలో తెలిసింది. శనివారం పొద్దున బస్సు. మన ఇండియావాళ్ళ స్కూలు దగ్గర బస్సులకు పేర్లు రాసుకుంటున్నవాళ్ళు నలుగురికీ చోటిచ్చారు. ఆ తర్వాత బస్సులుంటాయో లేదో ఎవరూ చెప్పలేరన్నారు. వీర్రాజన్న క్యాను మూతకు చెవి ఆనించి విన్నాడు. లోపల ఇంకా బుసబుసలాడుతోంది. ఈస్టు చక్కెరను తింటున్నంతసేపూ గాలి పుడుతుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగాకే సీసాల్లో పోసి మూత బిగించాలి. తొందరపడితే ఆ గాలికి పోయే దారి లేక సీసా పగులుతుంది. ఇది ఆయన మాకు నేర్పిన విషయాల్లో మొదటిది. దాన్ని మీరి ఎవరైనా సీసా పట్టుకొస్తే, కొత్త పాత చూడకుండా మొట్టికాయ వేసేవాడు. ఆ బుధవారం ఆయనే బిగించాడు.

"ఇది ఆగలేదన్నా" అన్నాను.

"నాకినపడతందిరా. ఏసీ ఉంది కదా. రెండ్రోజులు సలవలో ఒదిగుంటది. ఆ పిల్లని వట్టి సంచితో ఎలా పంపుతాం?"

వట్టి సంచితో పంపితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. రమణమ్మ బీరు తాగదు కూడా. ఈ మాట ఆయనకు నేను చెప్పాను. ఆయన నాకేసి జాలిగా చూశాడు.

గురువారం మా భవనానికి కరెంటు పోయింది. కాపలాదారు ఎప్పుడో పారిపోయాడు. బాగుచేసే దిక్కు లేదు. ఊళ్ళో అందరి ఏసీలూ బాగుచేసిన మనిషి, తన గదిలో ఏసీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. శుక్రవారం మధ్యాహ్నానికి ఆ ఊటీ కాస్తా ఇటుకబట్టీ అయింది. సీసాల మీద తడి గోనెసంచులు కప్పాడు. మేం నలుగురం చెమటలు కారుతూ కూర్చున్నాం. రమణమ్మ యజమాని ఇంటి బియ్యంతో పులిహోర చేసి తెచ్చింది. వీర్రాజన్న మొదటి సీసా తీద్దామని మంచం దగ్గర వంగాడు, మోకాలు పట్టేసింది, "అబ్బా" అని మళ్ళీ లేచాడు. ఆ మోకాలే ఆయన మొహాన్ని కాపాడింది. మంచం కింద మొదటి సీసా పేలింది.

యుద్ధంలో ఉన్న ఊళ్ళో ఆ చప్పుడు బీరు సీసాలా వినపడదు. వీధి చివర సైనికుల చెక్‌పోస్టు ఉంది. రెండోది పేలింది. మూడూ నాలుగూ కలిసి పేలాయి. కింద కేకలు, బూట్ల పరుగు. మూర్తిగారు నేలమీద బోర్లా పడుకున్నారు, బీరులో. రమణమ్మ గోడకు అంటుకుపోయింది. ఆ రోజుల్లో సైనికులు ఇళ్ళలో దూరితే ఆడవాళ్ళ గతి ఏమిటో మేమందరం విని ఉన్నాం, ఆమె ముందు ఆ మాట ఎవరం ఎత్తేవాళ్ళం కాదు. ఆ గదికి ఒకటే తలుపు.

వీర్రాజన్న ఇంకా పగలని సీసాలు రెండు తడి తువ్వాలులో చుట్టుకున్నాడు.

"ఏం జేస్తాండావన్నా?"

"ఆళ్ళు పైకొచ్చేకన్నా మనం కిందకెళ్ళడం మర్యాద కదా. తలుపేసుకోండి. నువ్వు కూడా లోపలుండు."

నేను లోపల ఉండలేదు. ధైర్యం కాదు, ఆయన్ను ఆపబోయి గడప దాటాను, నా వెనక మూర్తిగారు దొర్లి తలుపుకు అడ్డం పడ్డారు, నేను బయట మిగిలిపోయాను. మెట్ల మలుపులో నిలబడి చూశాను. కింది అంతస్తులో నలుగురైదుగురు సైనికులు, వాళ్ళ ముందు ఒక అధికారి. నా వయసే ఉంటుంది. గడ్డం మాసి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తుపాకులన్నీ వీర్రాజన్న పొట్టకు గురిపెట్టి ఉన్నాయి.

"ఎవరు కాల్చింది?" అని అధికారి అరబ్బీలో అరిచాడు.

"బీరా, బీరా. హిందీ బీరా" అంటూ, ఇండియావాళ్ళ బీరని వాళ్ళ భాషలో చెప్తూ, వీర్రాజన్న తువ్వాలు విప్పి ఒక సీసా మూత తీశాడు. నురగ కప్పుదాకా ఎగిరింది. సైనికులంతా ఒక్క అడుగు వెనక్కి వేశారు. నురగ నెమ్మదిగా కిందికి జారి అధికారి బూట్ల మీద పడింది. అధికారి బూట్ల వంక చూసుకున్నాడు, సీసా వంక చూశాడు, చెయ్యి చాచాడు. మిగిలిన సగం సీసా ఎత్తి, ఆపకుండా, చివరి చుక్క దాకా తాగాడు. మొహం చిట్లించలేదు. తాగాక మీసం తుడుచుకుని ఇంగ్లీషులో అన్నాడు.

"షుగర్. టూ మచ్ షుగర్."

సైనికులు నవ్వారు. తుపాకులు దిగాయి. అంతటితో అయిపోయి ఉంటే ఇది ఎంత మంచి కథ! పెళ్ళిళ్ళలో చెప్పుకునేవాణ్ణి. కానీ అధికారి ఖాళీ సీసా వదల్లేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వీర్రాజన్న భుజం మీద చెయ్యి వేశాడు. నువ్వు చేస్తావా, అన్నాడు. మా దగ్గర చక్కెర బస్తాలున్నాయి, అన్నాడు. రమ్మన్నాడు.

"రేపు బస్సు. జోర్డాన్" అన్నాడు వీర్రాజన్న.

"ఈరోజు రా. రేపు బస్సు."

ఒక సైనికుడు పైకి, నా వెనకున్న తలుపు వైపు చూశాడు. పైన ఇంకెవరున్నారని అడిగాడు. వీర్రాజన్న రెండో సీసా అతని చేతిలో పెట్టేసి, "యల్లా, యల్లా" అని వాళ్ళను తొందరపెడుతూ తనే ముందు నడిచాడు. నా వైపు తలెత్తి తెలుగులో అన్నాడు.

"సూశావా, ఒక్క తప్పే సెప్పాడు. మర్యాదస్తుడే. బస్సు ఒదులుకోకండి. నేనొచ్చేత్తాను."

చెప్పులతోనే దిగిపోయాడు. సినిమాల్లోలాగా చివరి మెట్టు దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూడలేదు. మెట్ల మీద కరెంటు లేదు, మోకాళ్ళ నొప్పులు. చూసుకుని దిగాలి కదా.

చీకటి పడేదాకా రాలేదు. ముందుగా లేచింది మూర్తిగారు. బీరులో తడిసిన చొక్కా మార్చుకుని, "పద" అన్నారు. గడియ రెండుసార్లు చూసుకునే మనిషి, నాతో కలిసి, వీధి చివర సైనికులు మకాం వేసిన బడి గేటు దాకా నడిచారు. ఆయనకు అరబ్బీ బాగా వచ్చు. కాపలా సైనికుడు విసుక్కున్నాడు. ఆ దళం మధ్యాహ్నమే వెళ్ళిపోయింది, అని పడమటి వైపు చెయ్యి ఊపాడు. కబ్ద్. అటు ఎడారి, మధ్యలో అక్కడక్కడా తోటలు, గొర్రెల దొడ్లు. మా దగ్గర కారు లేదు, ఉన్నా దారి లేదు. తిరిగి వస్తూ నేను ఏ జోకూ వేయలేదు. వేయాలని చాలా ప్రయత్నించాను.

పొద్దున బస్సు దగ్గర రమణమ్మ మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయింది.

"ఆయప్ప రాందే నేను ఎక్కను."

"ఆయన వచ్చి, నువ్వింకా ఈడ్నే ఉండావని చూస్తే నన్ను తంతాడు."

"తన్నించుకో. ఆయప్ప నా కోసరం గాదా పోయింది!"

"కాదులే. వాళ్ళ చక్కెర కోసం పోయినాడు. ఎక్కు."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను అబద్ధం చెప్తున్నానని ఆమెకు తెలుసు. ఎక్కింది. డ్రైవరు యల్లా అని అరిచాడు. బస్సు కదిలాక కూడా మేం ముగ్గురం వెనక అద్దంలోంచి రిగ్గై రోడ్డుకేసి చూస్తూనే ఉన్నాం. చెప్పులేసుకున్న మనిషి ఎవరు కనబడినా మూర్తిగారు సగం లేచి, మళ్ళీ కూర్చునేవారు.

జోర్డాన్ మీదుగా ముగ్గురం ఊళ్ళు చేరాం. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు నేను తిరిగి కువైట్ వచ్చాను. గోదాము ఉంది, ముదీర్ ఉన్నాడు. చెడ్డవాళ్ళు ఎక్కడికీ పోరు. ఆసుపత్రులు, జైళ్ళు, శ్మశానాలు అన్నీ అడిగాను. రిగ్గై ఫ్లాటులో ఎవరో ఈజిప్టు కుటుంబం ఉంది. ఇల్లాలు టీ ఇచ్చి, మంచం కింద గాజుపెంకులు ఎంత ఊడ్చినా ఇంకా వస్తున్నాయని నాతో పోట్లాడింది. సెలవు దొరికినప్పుడల్లా కబ్ద్ వెళ్ళేవాణ్ణి. రోడ్డు దిగొద్దు, మందుపాతర్లున్నాయి అనేవాళ్ళు. ఒకచోట ఒక బెంగాలీ గొర్రెలకాపరి హిందీలో చెప్పాడు. అవును, చలికాలం ముందు ఒక మద్రాసీ ఉండేవాడు, మీసాలాయన. ఆ తోటలో పంపు గదిలో సైనికులకు ఏదో కాచేవాడు. కొత్తగా వచ్చిన కుర్ర సైనికులకు నేర్పేవాడు కూడా. వాళ్ళు చేసింది తాను తాగి, తల ఊపేవాడు.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత విమానాలొచ్చాయి."

పంపు గది ఉన్నచోట గొయ్యి ఉంది. గొయ్యి పక్క చాలాసేపు నిలబడ్డాను. ఏమైనా అనిపిస్తుందేమోనని. బాగా ఎండగా ఉందనిపించింది. ఆ మద్రాసీ ఆయనే అయి ఉండాలని కోరుకున్నాను, ఆయన కాకపోతే బాగుండునని కోరుకున్నాను. ఆ రెండు కోరికల మధ్యే నేను అప్పటినుంచీ ఉంటున్నాను.

ఆయన భార్య సత్యవతిగారిని చూడడానికి అమలాపురం వైపు వెళ్ళాను. ఆవిడ నాకు మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చున్నారు.

"శుక్రవారం శుక్రవారం అందరూ చేరేవారంట కదండీ. కొత్తవాళ్ళొత్తే దగ్గరుండి నేర్పేవాణ్ణని రాసేవారు. భజనే కదా బాబూ? ఏమేం పాడేవారండి?"

"అన్నీ పాడేవాళ్ళమండి."

"ఆయన గొంతు బావుండేది కాదు మరి."

"ఆ మాట మేమెవరం ఆయనతో అనలేదండి" అన్నాను. ఆవిడ నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆవిడ బొట్టు వైపు చూడకుండా ఉండడానికి నేను గ్లాసులో నీళ్ళు చివరి చుక్క దాకా తాగాను.

నేను ఇప్పుడు ఆ గోదాములోనే కొత్తగా వచ్చేవాళ్ళకు పని నేర్పుతున్నాను. మదనపల్లె వాళ్ళు, రాజోలు వాళ్ళు, ఇఖామా కార్డు, అంటే ఇక్కడ ఉండే అనుమతి, చేతికొచ్చిన మొదటి వారంలోనే అన్నీ తప్పులే చేసేవాళ్ళు. వాళ్ళు పేర్చిన టైర్ల వరుస చుట్టూ ఒకసారి పూర్తిగా తిరుగుతాను. నోటిదాకా పది మాటలు వస్తాయి. ఒక్కటి చెప్తాను. మిగతావి మింగుతాను. బీరు కాయడం మాత్రం మానేశాను. క్యాను మూతకు చెవి ఆనించి వినే ఓపిక నాకు లేదు. వింటే ఆ బుధవారం వినపడుతుంది.

కిందటిసారి సెలవులో కోర్టుకు వెళ్ళాను. వీర్రాజన్న చనిపోయినట్టు ప్రకటిస్తే తప్ప ఆయన పేరున ఉన్న ఇల్లు సత్యవతిగారికి రాదు, వితంతు పింఛను రాదు. ఆఖరిసారి చూసిన మనిషిని నేనే కాబట్టి సాక్షిని నేనే. చివరిసారి చూసినప్పుడు ఆయన ఏం చేస్తున్నాడని లాయరు అడిగాడు. మెట్లు దిగుతున్నాడన్నాను. బలవంతంగా తీసుకెళ్ళారా అన్నాడు. భుజం మీద చెయ్యి ఉందన్నాను. అది బలవంతమా కాదా, ఒక్క మాటలో చెప్పమన్నాడు. భుజం మీద చెయ్యి ఉందనే మళ్ళీ అన్నాను. ఇక ఆఖరి ప్రశ్న: ఆయన చనిపోయాడని మీరు నమ్ముతున్నారా? సత్యవతిగారు వెనక బల్ల మీద కూర్చున్నారు, నుదుట ఎర్రగా బొట్టు పెట్టుకుని. నా నోట్లో ఉన్న జోకులన్నీ అయిపోయాయి.

"అవునండి" అన్నాను.

ఆ రోజుల్లో అలా పోయినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళ ఇళ్ళవాళ్ళకు పనికొస్తుందని చెప్తున్నాను. మనిషి జాడ తెలియకుండా ఏడేళ్ళు గడవాలి. ఆ తర్వాత సివిల్ కోర్టులో దావా వేయాలి. కాగితాలన్నీ మూడేసి జిరాక్సులు తీయించుకోవాలి. సాక్షి సెలవు మీద వచ్చేవాడైతే, టికెట్టు కొనేముందు క్యాలెండరు చూసుకోవాలి. మేం తెలియక మొదటిసారి వెళ్ళి, మూసిన గేటు ముందు మధ్యాహ్నం దాకా కూర్చుని వచ్చాం. రెండో శనివారం కోర్టుకు సెలవు.